నిద్ర కోసం జాగారం

చోడవరంలో మణెమ్మ పెట్టిన రూలుకి తిరుగులేదు. చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. ఆల్‌నైట్ ప్రార్థన అన్నది అక్కడ ముందునుంచీ ఉన్నదే గానీ, దాన్ని తీసుకెళ్ళి రోగి ఇంట్లో, రోగి మంచం పక్కన, ట్యూబ్‌లైట్ల కింద పెట్టింది మాత్రం మణెమ్మే. విశ్వాసుల్లో ఎవరికి జబ్బు చేసినా సరే, శుక్రవారం పొద్దుగూకేసరికి డోలక్కు, తాళాలు, అల్లం టీ గిన్నెతో సహా సమాజం మొత్తం వాళ్ళింట్లో దిగిపోయేది. పాటలు, ప్రార్థన, సాక్ష్యాలు, మళ్ళీ పాటలు, అలా కోడి కూసేదాకా. మధ్యలో ఎవరైనా కునికిపాట్లు పడితే మణెమ్మ తాళాలు వాళ్ళ చెవి దగ్గరికొచ్చి గణగణమనేవి. రోగికి కూడా మినహాయింపు లేదు. నీ కోసం ఇంతమందిమి మేలుకుంటే నువ్వు పడుకుంటావా అని నవ్వుతూనే కసిరేది. రోగి పాపం దిండుకి ఆనుకుని లేచి కూర్చుని చప్పట్లు కొట్టేవాడు. చాలామంది కోలుకున్నారు కూడాను. అది ప్రార్థన బలమో, మళ్ళీ శుక్రవారం వస్తుందన్న భయమో చెప్పలేం.

రోగి పక్కన ఎవరూ కునుకు తియ్యకూడదన్న ఆ రూలు ఎందుకు పుట్టిందో మణెమ్మకీ, వెనకవీధి దీవెనమ్మకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా.

అలాంటి మణెమ్మకే కిందటేడు ఎడం రొమ్ములో గడ్డ తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీసేశారు. కీమో ఎక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టంతా రాలిపోయి మళ్ళీ మొలిచినప్పుడు ఉంగరాలు తిరిగి మొలిచింది. పెళ్ళినాడు లేని అందం ఇప్పుడొచ్చిందని మొగుడు ఏసురత్నం మురిసిపోయాడు. ఇప్పుడు రోజుకో బిళ్ళ, అప్పుడప్పుడు చెకప్పు, అంతే. చెయ్యవలసిందంతా చేశాం, ఇక మళ్ళీ రాకుండా చూసుకోవడమే అంది డాక్టరు శ్రీసుధ. ఆ ‘మళ్ళీ’ అన్న ఒక్క మాట మణెమ్మతోపాటు బస్సెక్కి ఇంటికొచ్చేసింది. పగలు పనిలో పడితే దాని ఊసుండేది కాదు, దీపాలు పెట్టే వేళకి మాత్రం తప్పకుండా గుర్తొచ్చేది.

సమాజం చేతులు ముడుచుకుని కూర్చుంటుందా. ఆవిడ నేర్పిన విద్య ఆవిడకే అప్పజెప్పడం మొదలెట్టింది. మణెమ్మ జబ్బుపడ్డాక తాళాలు దీవెనమ్మ చేతికొచ్చాయి. దీవెనమ్మ జాకెట్లు కుడుతుంది. మిషను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు వడ్డాది సంతలో కూడా వినపడేంత పెద్దదైంది. శుక్రవారం శుక్రవారం మణెమ్మ హాల్లో రెండు ట్యూబ్‌లైట్లు, అవి చాలవని ఏసురత్నం తెచ్చి బిగించిన పెళ్ళిపందిరి ఫోకస్ లైటు, వాటి కింద మెత్తటి కుర్చీలో మణెమ్మ. వాళ్ళ ప్రేమ చూస్తే ఆవిడకి కళ్ళు చెమర్చేవి. రాత్రి ముదిరేకొద్దీ ఆ కళ్ళే మూతలు పడేవి. మూతపడ్డ మరుక్షణం తాళాలు.

శనివారం ఆవిడ మనిషి కాదు. కూర మాడ్చేది, గ్యాస్ కట్టడం మర్చిపోయేది, ఒకసారైతే పక్కింటావిడ పేరే గుర్తురాక ‘ఇదిగో’ అని పిలిచింది. మిగతా రోజుల్లోనూ గొప్ప నిద్రేం లేదు. ఆపరేషన్ అయి వచ్చిన దగ్గర్నుంచీ గదిలో లైటు ఆర్పనిచ్చేది కాదు. అదేమంటే, బాత్రూంకి లేచినప్పుడు కాలు తట్టుకుంటుందనేది. ఏసురత్నం చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. క్రషింగ్ సీజన్లో మిల్లు పక్కన గోనెసంచి మీద నిద్రపోయి అలవాటైన మనిషికి నెత్తిమీద బల్బు ఒక లెక్కా. దుప్పటి ముసుగేసి గుర్రుపెట్టేవాడు.

కూతురు శాలోమి విశాఖపట్నంలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఒక శనివారం పొద్దున్నే బస్సు దిగి వచ్చేసరికి, తల్లి పెరటి గుమ్మంలో కందిపప్పు చేట ఒళ్ళో పెట్టుకుని, పప్పులో చెయ్యి పెట్టి నిద్రపోతోంది. పక్కింటి కోడిపుంజు దర్జాగా చేట అంచు మీద నిలబడి అమ్మగారు ఏరిపెట్టిన పప్పు తింటోంది. శాలోమి కోడిని అదిలించింది. తల్లి ఉలిక్కిపడి లేచి, కళ్ళు తెరవకముందే రెండు చప్పట్లు కొట్టి ‘స్తోత్రం’ అంది. శాలోమికి ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

అమ్మనీ నాన్ననీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పిల్ల పాఠం మొదలుపెట్టింది. మెదడు నడిమధ్యన బఠాణీ గింజ కన్నా చిన్న గ్రంథి ఒకటుందట. చీకటి పడ్డాక అది మెలటోనిన్ అని ఒక హార్మోను వదులుతుందట. నిద్రవేళైందని ఒళ్ళంతటికీ కబురు పంపేది అదే. అయితే అది చేసే పని అంతటితో అయిపోలేదేమో అని సైంటిస్టులకి అనుమానమొచ్చింది. గాజు పళ్ళేల్లో పెంచిన కేన్సర్ కణాలకి ఆ హార్మోను కలిపి చూస్తే వాటి పెరుగుదల మందగించింది. రొమ్ము కేన్సర్ కణాల్లో ఇది మరీ బాగా కనిపించింది.

“రాత్రి షిఫ్టు పనివాడనుకో నాన్నా. లైటు కనిపిస్తే డ్యూటీకి రాడు,” అంది శాలోమి.

“మా ఫ్యాక్టరీలో లైటు నేకపోతేనే వొచ్చీవోరు కాదే,” అన్నాడు ఏసురత్నం.

మణెమ్మ నవ్వలేదు. ఇంకా ఏటి సూసేరో చెప్పమంది. శాలోమి కాస్త తటపటాయించి, తను చదివిన ఒక ప్రయోగం సంగతి చెప్పింది. కొందరు ఆడవాళ్ళ దగ్గర రాత్రి చీకట్లో ఉండగా రక్తం తీశారట. వాళ్ళనే పెద్ద లైటు ముందు కూర్చోబెట్టి మళ్ళీ తీశారట. రెండిటినీ విడివిడిగా, ఎలకల్లో పెంచిన మనుషుల రొమ్ము గడ్డల్లోకి పంపి చూశారు. చీకట్లో తీసిన రక్తానికి గడ్డ నెమ్మదించింది. లైటు కింద తీసిన రక్తానికి ఆ శక్తి లేకుండా పోయింది.

మణెమ్మ తలెత్తి హాల్లో ఫోకస్ లైటు వంక చూసింది.

“అంటే శుక్రవారం శుక్రవారం నా రగతం ఉత్తి నీల్లన్నమాట,” అంది.

శాలోమి కంగారుపడింది. అలా తేల్చెయ్యకూడదని, అది ఎలకల్లో చూసిన సంగతని, మనుషుల్లో ఇంకా రుజువు కాలేదని, రోజూ వేసుకునే బిళ్ళకి అదేమీ బదులు కాదని పదిసార్లు చెప్పింది. కానీ పడవలసిన మాట పడిపోయింది. ఆ పూటంతా మణెమ్మ ఏ పని చేస్తున్నా ఆ రెండు రకాల రక్తమే కళ్ళకి కట్టింది. ప్రార్థనలు మానెయ్యమని సమాజానికి తను చెప్పాలా? నోరెలా వస్తుంది? ఎంతమందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది తను. పైగా ఆపరేషన్ బల్ల మీదికి ధైర్యంగా ఎక్కించింది ఆ ప్రార్థనలే. వాటిని వద్దంటే దేవుడిని వద్దన్నట్టు కాదూ. కడుపుచించుకుంటే కాళ్ళమీద పడుతుందన్న సామెత తనకోసమే పుట్టిందనుకుంది. ఎవరితో ఏమీ అనొద్దని కూతురికి గట్టిగా చెప్పింది.

గట్టిగా చెప్పిన మాట వినే వయసా అది. ఆదివారం ఆరాధన అవగానే శాలోమి చర్చి మెట్ల దగ్గర దీవెనమ్మ చెయ్యి పట్టుకుని, అమ్మకి రాత్రిపూట నిద్ర చాలా అవసరం అత్తా అంది, ఎంతో మెత్తగా, ఎవరి మనసూ నొప్పించకుండా. దీవెనమ్మ కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. అయ్యో తల్లీ, నాకొదిలెయ్యి, నేను చూసుకుంటానంది. ఇంత సులువుగా అయిపోతుందనుకోలేదని శాలోమి సంతోషంగా బస్సెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా కబురు వచ్చింది. మణెమ్మగారికి నిద్రపట్టడం లేదు గనక, ఆవిడ నిద్ర కోసం బుధవారం ప్రత్యేకంగా ఇంకో ఆల్‌నైట్.

బుధవారం ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. రావికమతం నుంచి కూడా ఒక ఆటో నిండా వచ్చారు. నిద్ర కోసం అడుగుతున్నది మామూలుగా అడిగితే ఎలాగని డోలక్కులు రెండయ్యాయి. కొత్తగా వచ్చిన పాస్టరు తిమోతి గారు పాతికేళ్ళు నిండీ నిండని మనిషి. పగలంతా బండి మీద ఊళ్ళు తిరిగి, రాత్రి వచ్చి మణెమ్మ కుర్చీ పక్కన మోకరించి, ఈ తల్లికి సుఖనిద్ర దయచెయ్యి ప్రభువా అని మొదలుపెట్టి, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ఎంతకీ తరవాతి మాట రాదు. భక్తి ఎక్కువై మాట రావడం లేదనుకున్నారందరూ. అంతలో సన్నగా గుర్రు వినపడింది. ప్రార్థన ఫలించింది గానీ, ఫలం పక్కవాడికి దక్కింది. దీవెనమ్మ తాళాలు పట్టుకుని లేచేలోగా మణెమ్మ ఆవిడ కొంగు పట్టుకుని ఆపింది. నవ్వు ఆపుకోలేక ఆవిడ పొట్ట నొప్పెట్టింది. ఆ రాత్రి ఆ ఇంట్లో హాయిగా పడుకున్నవాడు ఆయనొక్కడే, అదీ దీవెనమ్మ రెండో పాట ఎత్తుకునేదాకా.

మర్నాడు గురువారం విశాఖపట్నంలో చెకప్పు. మణెమ్మ లోపల ఒక ఉపాయం పెట్టుకుని బయల్దేరింది. డాక్టరమ్మ చేత, రాత్రి ప్రార్థనలు చెయ్యకూడదు అని ఒక చీటీ రాయించుకుంటే చాలు. పత్యం వేరు, మొహమాటం వేరు. డాక్టరు వద్దన్నాక దీవెనమ్మ కూడా కాదనలేదు.

పరీక్షలన్నీ బాగున్నాయి. డాక్టరు శ్రీసుధ ఫిల్ము చూసి, చేత్తో తడిమి చూసి, నవ్వుతూ, మీ ఉంగరాల జుట్టు నాకిచ్చెయ్యండి అంది. ఏసురత్నం జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అప్పుడు మణెమ్మ హార్మోను సంగతి, ఎలకల సంగతి, శుక్రవారాల సంగతి ఏకరువు పెట్టి, చీటీ అడిగింది. మిగతా రోజులు కూడా గదిలో లైటు వెలుగుతూనే ఉంటుందని ఏసురత్నం మధ్యలో అందించాడు.

డాక్టరు చీటీ రాయలేదు. మీ అమ్మాయి చెప్పింది నిజమే గానీ అది ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది, ఆ హార్మోను మనుషుల్లో కేన్సర్‌ని ఆపుతుందని నేను చెప్పలేను, కొట్లో ఆ బిళ్ళలు దొరికాయని కొనుక్కుని వేసుకోవద్దు అంది. అయితే చీకట్లో కంటినిండా నిద్రపోతే ఎవరికీ చెడు జరగదని, మీలా వైద్యమయ్యి అలసిపోయిన ఒంటికి అది ఎంతైనా మంచిదని కూడా అంది. ఆ మాట దీవెనమ్మతో మీరే చెప్పాలి, నా చీటీ ఎందుకు అని నవ్వింది. తరవాత రాసుకుంటున్న పెన్ను ఆపి ఒక మాట అడిగింది.

“శుక్రవారం వాళ్ళు లైటేస్తున్నారు. మిగతా రాత్రులు ఎవరు వేస్తున్నారమ్మా?”

మణెమ్మ రిపోర్టులు సంచిలో సర్దుకోసాగింది. ఏసురత్నం భార్య వంక చూశాడు.

తిరుగు ప్రయాణంలో చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడుస్తోంది. ఏసురత్నం వేయించిన బఠాణీల పొట్లం విప్పి భార్య చేతిలో పోశాడు. ఆవిడ ఒక గింజ తీసి చూసుకుంది. దీనికన్నా చిన్నదట ఆ గ్రంథి. అది రోజూ చీకటి ఎప్పుడు పడుతుందా అని తన తలలో కూర్చుని ఎదురుచూస్తోంది కాబోలు. చీకటి పడనివ్వంది దీవెనమ్మ కాదు, తను.

ఆపరేషనైన రోజు ఆసుపత్రి వార్డులో పక్కమంచం మీద చీడికాడ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. మంచి హుషారు మనిషి. మనవడి అల్లరి గురించి చెప్పి నవ్వించి నవ్వించి, నర్సు వచ్చి లైట్లార్పేశాక కూడా గుసగుసగా చెబుతూనే ఉంది. మిగతాది పొద్దున్న చెప్తానని అటు తిరిగి పడుకుంది. పొద్దున్న లేచేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మార్చేస్తున్నారు. ఆనాటి నుంచి మణెమ్మకి లైటార్పితే గుండె దడ. చీకట్లో కళ్ళు మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదో అని. ఊరందరికీ ధైర్యం చెప్పే మణెమ్మ చీకటికి జడుసుకుంటోందంటే ఎవరైనా నమ్ముతారా. అందుకే కాలు తట్టుకుంటుందని కబుర్లు. శుక్రవారాలు నిద్ర పాడుచేస్తున్నా, ఆ రాత్రులు మటుకు భయముండేది కాదు. అంత మందిలో, అంత వెలుతుర్లో ఎవరికి భయం.

ఏటి ఆలోచిస్తన్నావని ఏసురత్నం అడిగాడు. బఠాణీలు బాగా వేగేయంది మణెమ్మ. ఆయన రెట్టించలేదు. కానీ ఆ రాత్రి ఎప్పటిలా ముసుగేసుకోకుండా ఆవిడ వైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. ముందురోజు రిపోర్టు సంగతి అప్పటికే వీధి వీధి పాకింది గనక అందరి మొహాలూ పెళ్ళివారి మొహాల్లా ఉన్నాయి. ఎవరో అరిసెలు తెచ్చారు. ఏసురత్నం అల్లం టీకి పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టాడు. శాలోమి కూడా ఆ సాయంత్రమే దిగి, బుధవారం కథ విని తలపట్టుకుని ఒక మూల కూర్చుంది. మొదటి పాట అయింది. ఇప్పుడు సాక్ష్యం మణెమ్మ చెప్పాలి అంది దీవెనమ్మ.

మణెమ్మ లేచి నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా ఇలా నిలబడి గడగడా మాట్లాడిన మనిషి, ఇవాళ కొంగు అంచు మెలిపెడుతూ మొదలుపెట్టింది. రిపోర్టు బాగా వచ్చిందని, దేవుడికీ డాక్టరుకీ మీ అందరికీ వందనాలని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఇక కూర్చుంటుందనుకున్నారు. ఆవిడ కూర్చోలేదు. కూతురు చెప్పిన హార్మోను గురించి తనకి తెలిసిన మాటల్లో చెప్పింది. రాత్రి డ్యూటీ పనివాడి గురించి చెప్పింది. గాజు పళ్ళేల గురించి, ఎలకల గురించి, అది మనుషుల్లో ఇంకా తేలలేదని డాక్టరు అన్న సంగతి కూడా దాచకుండా చెప్పింది.

“ఎలకల మాట దేవుడెరుగు. నాకు నిద్రొస్తన్నాదమ్మా,” అంది చివరికి. “నిద్రొస్తన్నాది, కానీ పడుకోడానికి బయ్యం. లైటు తీస్తే సచ్చిపోతానేమోనని బయ్యం. ఇన్నాళ్ళూ మీకెవరికీ సెప్పలేదు. మా ఆయనక్కూడా సెప్పలేదు.”

ఏసురత్నం వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“మీరెవరూ ఎల్లకండి. మీరుంటేనే నాకు దైర్నం. కానీ ఇయ్యాల పాటొద్దు. లైట్లార్పీసి, అందరం ఇక్కడే పడుకుందారి.”

దీవెనమ్మ లేచింది. ఆవిడ ముఖం ఎర్రబడి ఉంది.

“నానొప్పను వొదినా,” అంది. “అందరూ పడుకుంటే నిన్నెవులు సూస్తారు? మాయమ్మ దగ్గిర నాను పడుకున్నాను. ఒక్క కునుకు. లేసి సూసీసరికి మాయమ్మ నేదు.”

ఆ గొంతు అంత చిన్నగా రావడం అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. ఆ రూలు ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది అందరికీ. తల్లి శవం పక్కన కూర్చుని, నేను మేలుకుని ఉంటే బతికేది, మేలుకుని ఉంటే బతికేది అని తల బాదుకుంటున్న దీవెనమ్మని ఓదార్చలేక, ఇకనుంచి మనవాళ్ళ పక్కన ఎవరమూ కునుకు తియ్యమే అని మాటిచ్చింది మణెమ్మ. మాట నిలబెట్టుకుంది. ఓదార్పుకి అన్న మాట రూలై కూర్చుంది.

మణెమ్మ వెళ్ళి దీవెనమ్మ చేతిలోంచి తాళాలు తీసుకుంది.

“ఒసే దీవెనా, నువ్వు పడుకోబట్టి మీయమ్మ పోలేదు. అన్ని రాత్రులు సాకిరీ సేసి సేసి నువ్వు అలిసిపోనావు. మీయమ్మ తన టయానికి ఎల్లింది. ఈ మాట ఆనాడే సెప్పాల్సింది నాను. దానికి బదులు రూలెట్టీసేను. రూలు నాదే, నానే తీసెస్తన్నాను. ఇయ్యాల నువ్వు కూడా పడుకో.”

దీవెనమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, నీ పక్కనే పడుకుంటాను, చెయ్యి వదల్ను, అది నీకిష్టమైతేనే అంది. సరేనంది మణెమ్మ. రాత్రిని కూడా దేవుడే చేశాడు కదమ్మా అన్నాడు తిమోతి పాస్టరు గారు. ఆ మాటలో వాక్యం ఎంతుందో ఆవలింత అంతకు రెట్టింపు ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆయనే లేచి ముందు ఫోకస్ లైటు ఆర్పాడు.

తరవాత జరిగినదంతా పెళ్ళి విడిదిలో పిల్లల గోలలా జరిగింది. చాపలు, దుప్పట్లు, పాత చీరలు, ఇంట్లో ఉన్నవన్నీ హాల్లో పరిచారు. నాది గోడ పక్క అంటే నాది గోడ పక్క అని పోట్లాడుకున్నారు. ఇన్వర్టరు మీద ఎర్రలైటు వెలుగుతోందని శాలోమి దాని మీద తువ్వాలు కప్పితే, అందరూ ఆ పిల్లని పట్టుకుని నవ్వారు. మగవాళ్ళు వసారాలోకి వెళ్ళారు. ట్యూబ్‌లైట్లు కూడా ఆరిపోయాయి.

చీకటి కమ్ముకోగానే మణెమ్మకి పక్కమంచం గుర్తొచ్చింది, మారుస్తున్న దుప్పటి గుర్తొచ్చింది. చేతిలో దీవెనమ్మ చెయ్యి బిగుసుకుంది. చుట్టూ ఆడవాళ్ళు గుసగుసగా ప్రార్థిస్తున్నారు. ఒక్కొక్కరి గుసగుస నెమ్మదిస్తోంది, మధ్యలో ఆగుతోంది, ఊపిరిగా మారుతోంది. దూరంగా రోడ్డు మీద చెరకు ట్రాక్టరు ఒకటి ఫ్యాక్టరీ వైపు మూలుగుతూ పోతోంది. ఆవిడకి తన తలలో ఉన్న ఆ చిన్న గింజ గుర్తొచ్చింది. పాపం ఎన్నాళ్ళయిందో డ్యూటీలోకి దిగి. లేవయ్యా, చీకటి పడింది, పనిలోకెళ్ళు అని దానికి మనసులోనే చెప్పింది. తరవాత ప్రార్థన మొదలుపెట్టింది. పూర్తి చేసిందో లేదో ఆవిడకే తెలియదు.

నడిరేయి దాటాక ఏసురత్నం అలవాటు ప్రకారం టీ వేడిచేసి గ్లాసులు సర్దుకుని గుమ్మం దాకా వచ్చాడు. లోపల చీకట్లో ఒకరికొకరు వంతలు పాడుతున్నట్టు గుర్రులు. అన్నిట్లోకీ పెద్దది తన పెళ్ళాందే. ఆయన అక్కడే నిలబడి కాసేపు ఆ గుర్రు విన్నాడు. తరవాత వసారాలోకొచ్చి, పాస్టరు గారిని లేపడం ఇష్టంలేక, రెండు గ్లాసుల టీ తనే తాగి, డోలక్కు తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

పక్కింటి పుంజు కూసింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ కూసింది. రూలు ప్రకారం అందరూ లేచి ముగింపు ప్రార్థన చెయ్యాల్సిన వేళ అది. పాలవాడొచ్చి పిలిచి పిలిచి, గుమ్మం ముందు అన్ని జతల చెప్పులుండీ లోపల్నుంచి పలుకు లేకపోయేసరికి హడిలిపోయి, కిటికీలోంచి తొంగిచూసి, నవ్వుకుంటూ ప్యాకెట్లు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎండ కిటికీలోంచి దిగి ఆడవాళ్ళ పాదాల మీదికొచ్చింది.

మణెమ్మకి సగం మెలకువ వచ్చింది గానీ కళ్ళు తెరవబుద్ధి కాలేదు. ఒళ్ళంతా తేలిగ్గా, చిన్నప్పటి సెలవురోజులా ఉంది. పక్కన దీవెనమ్మ దిగ్గున లేచి కూర్చోవడం తెలిసింది. ‘అయ్యో, పడుకుండిపోనాను’ అన్న గొణుగుడు వినపడింది. కాసేపటికి మిషను నూనె వాసన వేసే వేళ్ళు రెండు మెల్లిగా వచ్చి మణెమ్మ ముక్కు కింద ఆగాయి.

“ఉన్నానే,” అంది మణెమ్మ కళ్ళు మూసుకునే. “ఇంకాసేపు పడుకోనీ.”